పిల్లమ్మ పెట్టని పసుపు

మా కాలేజీ వర్క్‌షాప్ నేల తడిగా ఉన్నప్పుడు బూట్లతో లోపలికి అడుగుపెట్టిన వాళ్ళలో ప్రిన్సిపాల్ ఉన్నారు, తనిఖీకి వచ్చిన పెద్దలు ఉన్నారు, నేనూ ఉన్నాను. అందరికీ ఒకే మర్యాద జరిగింది. పిల్లమ్మ తుడుపు కర్రను నేలకు ఆనించి, నిటారుగా నిలబడి, "బన్ని సార్" అంది.

కన్నడంలో ఆ మాటకు రండి సార్ అనే అర్థం. కొత్తవాళ్ళు స్వాగతమనుకుంటారు. నేనూ మొదటిరోజు అలాగే అనుకుని, నవ్వుతూ ఇంకాస్త లోపలికి నడిచాను. లేత్ దగ్గరున్న కుర్రాళ్ళందరూ ఒక్కసారిగా తలలు వంచుకుని పనిలో మునిగిపోయారు. ఏదో అపచారం జరిగిందని వెనక్కి తిరిగి చూస్తే, అప్పుడే తుడిచిన నేల మీద గుమ్మం నుంచి నా దాకా బూటు ముద్రలు. నేను ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెబుతాను. అంత స్పష్టమైన బొమ్మ నా సర్వీసులో ఎప్పుడూ గీయలేదు.

పిల్లమ్మ ఇంటి భాష తెలుగే. బెంగళూరు శివార్లలో సర్జాపుర వైపు తరాలుగా ఉంటున్న తెలుగువాళ్ళు. మనసు బాగుంటే ప్రిన్సిపాల్‌ను కూడా "రాప్పా, కూర్చోప్పా" అంటుంది. కోపం వస్తే మొదటి మాట కన్నడంలో, బహువచనంలో వస్తుంది. కోపం పెరిగేకొద్దీ మర్యాద పెరుగుతుంది. ఆవిడ ఎవరినైనా వరుసగా రెండుసార్లు "సార్" అందంటే, ఆ మనిషి ఆ రోజుకు వర్క్‌షాప్ పని వాయిదా వేసుకోవడం మంచిది.

ఈ కోపానికి ఆవిడ దగ్గర గట్టి కారణమే ఉంది. ఆ వర్క్‌షాప్ గోడలకు ఇసుక మోసింది తనే. గోడలు కట్టినవాడు ఆవిడ భర్త మునిస్వామి. కట్టడం పూర్తయ్యాక ఆయన మేస్త్రీ పని మానేసి బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా వెళ్ళాడు. ఆవిడ ఇక్కడే అటెండరుగా మిగిలిపోయింది. వానాకాలంలో కిటికీ పక్కన గోడ చెమ్మగిల్లితే ఇప్పటికీ ఆయనకు ఫోన్ చేస్తుంది. "నువ్వు కట్టిన గోడ కారతా ఉండాది, వచ్చి చూసుకో పో" అని. ఆయన పాపం అక్కడ వేరే వాళ్ళ కార్లకు గేటు తీస్తూ తిట్లు తింటాడు.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం పిల్లమ్మకు కోపం రాదు. దసరా సెలవులకు ముందు చివరి పనిరోజున వర్క్‌షాప్‌లో ఆయుధపూజ జరుగుతుంది. ఆ పెత్తనమంతా ఆవిడదే. గుమ్మానికి అరటి పిలకలు కడుతుంది. మిషన్లన్నీ కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు పెడుతుంది. అందులోనూ వరస ఉంది. మొదట పాత లేత్‌కు, ఎందుకంటే అది అందరికంటే పెద్దది. తర్వాత డ్రిల్లింగ్ మిషన్, వెల్డింగ్ సెట్టు, గ్రైండరు. కొత్తగా కొన్న కంప్యూటర్ మిషన్ ఎంత ఖరీదైనదైనా చివర్లో రావాల్సిందే. "నిన్న వచ్చినదానికి ముందర పెడితే పాతది నొచ్చుకోదా?" అంటుంది. అన్నీ అయ్యాక గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగిలి, అందరి దోసిళ్ళలో బొరుగులూ బెల్లమూ పడతాయి.

నిరుడు ఆ పూజ దగ్గరే గొడవ మొదలైంది.

మా పిల్లలు అంతర్జాతీయ విద్యార్థుల రోవర్ పోటీకి ఎంపికయ్యారు. అంగారక గ్రహం మీద తిరిగే బండిలాంటి దాన్ని విద్యార్థులే తయారు చేయాలి. అది రాళ్ళెక్కాలి, గుంటలు దాటాలి, మట్టి తవ్వి అందులో జీవం జాడ ఉందో లేదో చెప్పాలి. పోటీ చివరి దశ ఆ ఏడు బెంగళూరులోనే, ఎలక్ట్రానిక్ సిటీ దాటాక ఒక ఎర్రమట్టి మైదానంలో పెట్టారు. దసరా సెలవుల్లో అయితే అందరికీ వీలని ఎవరో విదేశీ మహానుభావుడు తేదీలు నిర్ణయించాడు. ఆయుధపూజ సంగతి ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

జట్టుకు కెప్టెన్ అర్పిత. బెంగళూరు పిల్లే, మాట కరుకు, పని శుభ్రం. మట్టి పరీక్ష చేసే నల్లపెట్టె బాధ్యత స్టాన్లీది. గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉండే కుర్రాడు, ఆ పెట్టెను అర్ధాంగిలా చూసుకునేవాడు. వీళ్ళకు మార్గదర్శి నాగరాజ్ సారు, మెకానికల్ ప్రొఫెసరు. మంచివాడే. కాకపోతే భయస్తుడు. భయం బయట పడకుండా ఎప్పుడూ గట్టిగా మాట్లాడతాడు.

పూజ రోజు సాయంత్రం పిల్లమ్మ లేత్ దగ్గర మొదలుపెట్టకుండా, నియమం తప్పి, పళ్ళెంతో నేరుగా రోవర్ దగ్గరికి వెళ్ళింది. మర్నాడే ప్రయాణం కాబట్టి దానికి ముందు పెట్టినా పాత లేత్ ఏమీ అనుకోదని తీర్మానించుకున్నట్టుంది. నాగరాజ్ సారు చెయ్యి అడ్డం పెట్టాడు.

"దీనికి వద్దు."

"ఏమిటికప్పా?"

"ఇది సైన్స్ ఇన్‌స్ట్రుమెంట్. సెన్సర్లు ఉంటాయి. రేపు ఫారిన్ జడ్జీలు చూస్తారు. నిమ్మకాయలు, కుంకాలు... లారీ అనుకున్నావా?"

"లారీకి చేస్తే లారీ చెడిపోయిందా?"

"ఆర్గ్యూ చేయొద్దు పిల్లమ్మా."

"ఆరు చక్రాలు ఉండాయి దీనికి. చక్రాలు ఉండేదాన్ని నిమ్మకాయ తొక్కించకుండా వాకిలి దాటించేది నేను యాడా చూడలే. దావలో ఏమన్నా అయితే?"

"దావేముంది? వ్యాన్‌లో పోతుంది."

"ఆ వ్యాన్‌కి పెట్టినారు కదప్పా నిమ్మకాయ!"

పిల్లలు పకపకా నవ్వారు. బయట వ్యాన్ నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పచ్చగా మెరుస్తున్నాయి. నాగరాజ్ సారు ముఖం ఎర్రబడింది.

"ఎవరూ దీన్ని టచ్ చేయకూడదు. నువ్వు అసలే చేయకూడదు. అర్థమైందా?"

పిల్లమ్మ పళ్ళెం వెనక్కి తీసుకుంది. "ఆయ్తు సార్" అంది. సరే సార్ అని. మేమందరం ఒక అడుగు వెనక్కి వేశాం.

ఆ తర్వాత ఆవిడ చేసిన పూజలాంటిది నేను చూడలేదు. లేత్ నుంచి మొదలుపెట్టి ప్రతి మిషన్‌కూ బొట్టు పెట్టింది. సుత్తులకు పెట్టింది. గోడకు వేలాడే మంటలార్పే ఎర్ర సిలిండరుకు పెట్టింది. నా చేతిలోని టీ-స్క్వేర్ లాక్కుని దానికి పెట్టింది. చివరికి తన చీపురుకూ పెట్టింది. రోవర్‌కు మాత్రం వీపు చూపించింది. బొరుగులు పంచుతూ నాగరాజ్ సారు దగ్గరికి వచ్చినప్పుడు ఆయన ముఖం చూడకుండా "తగొళ్ళి సార్", తీసుకోండి సార్ అని దోసిట్లో పోసి ముందుకు వెళ్ళిపోయింది.

మర్నాడు మైదానం తిరునాళ్ళలా ఉంది. పోలండ్ వాళ్ళు, తుర్కీ వాళ్ళు, బంగ్లాదేశ్ వాళ్ళు, ఎవరి డేరా వాళ్ళది, ఎవరి జెండా వాళ్ళది. డేరాలో మంచినీళ్ళూ శుభ్రతా చూసుకోవడానికి కాలేజీవాళ్ళు పిల్లమ్మను కూడా పంపారు. కోపం అలాగే ఉంది కానీ పనిలో లోపం లేదు. నీళ్ళ క్యాను కింద తడి పడితే పోలండ్ కుర్రాళ్ళను కూడా "బన్ని సార్" అంది. వాళ్ళు మర్యాదగా వంగి నమస్కారం పెట్టారు.

మట్టి పరీక్షకు మూడు గుంటలు తీశారు. రెండు గుంటల్లో జీవానికి సంబంధించిన పొడి ఏదో కలుపుతారు. ఏదో ఒకదాంట్లో మాత్రం పొయ్యిలో మాడ్చిన ఇసుక, పూర్తిగా నిర్జీవం. ఏ గుంటలో ఏముందో జట్టుకు తెలియదు. రోవర్ తన డ్రిల్లుతో మట్టి తవ్వి నల్లపెట్టెలో వేస్తుంది. పెట్టెలో కంటికి కనబడని ఊదారంగు వెలుగునిచ్చే దీపం ఉంటుంది. మట్టిలో జీవం జాడ ఉంటే ఆ వెలుగులో మెరుస్తుంది. పిల్లలు డేరాలో కూర్చుని తెర మీద చూసి తీర్పు చెప్పాలి.

మొదటి గుంట మెరిసింది. పిల్లలు కేకలు వేశారు. రెండోది ఇంకా బాగా మెరిసింది. స్టాన్లీ అర్పిత భుజం పట్టి ఊపేశాడు. మూడోది కూడా పచ్చగా, దివ్యంగా మెరిసింది. ఇక మా డేరాలో ఆగేవాళ్ళు లేరు. నాగరాజ్ సారు ముందు నన్నూ, తర్వాత గుంజనూ కౌగిలించుకున్నాడు. అంగారకుడి మీద అంత జీవం ఉందని ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

జడ్జి ఒక నడివయసు విదేశీ మహిళ. ఆవిడ కనుబొమలు మాత్రం కిందికి దిగలేదు. మూడో గుంటలో ఉన్నది మాడ్చిన ఇసుక అని చెప్పింది. తర్వాత డ్రిల్లు ఊడదీయమంది. మెలికల మధ్య పసుపుపచ్చని పూత. స్టాన్లీ వేలితో తీసి వాసన చూశాడు. గుంటూరు పిల్లవాడికి ఆ పొడి ఏమిటో చెప్పడానికి ల్యాబ్ అవసరం లేదు.

"పసుపు" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆ దీపం వెలుగులో పసుపంత బాగా మెరిసేది ఇంకోటి లేదట.

అందరూ కొయ్యబారిపోయి ఉన్నప్పుడు నాగరాజ్ సారు ఇంగ్లీషులో గడగడా మాట్లాడాడు. మా క్లీనింగ్ ఆవిడ మేడమ్, చదువు లేదు, పండగ, నేను ఖచ్చితంగా వద్దన్నాను, అందరూ సాక్షులే, అయినా చాటుగా పెట్టేసింది. ఆయన అంత తొందరగా జవాబు చెప్పడం నేనెన్నడూ చూడలేదు. వైవాలో పిల్లలను అడిగే ప్రశ్నలకు కూడా ఆయనకు అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

జడ్జి ఆలోచించి ఒక దారి చెప్పింది. జట్టుకు సంబంధం లేని మనిషి, జట్టుకు తెలియకుండా చేసిన పని అయితే ఇంకోసారి పరీక్ష చేసుకోనిస్తారు. జట్టువాళ్ళే చేసి ఉంటే మాత్రం ఇంతే. రేపు మధ్యాహ్నం ఆ మనిషిని తీసుకొచ్చి తన నోటితో చెప్పించండి, అంది.

పిల్లమ్మ అప్పుడే నీళ్ళ క్యాను దించుతూ తన పేరు వింది. అర్పిత ఎదురుపడి, ఎర్రబడ్డ కళ్ళతో అడిగేసింది.

"ఎందుకు పెట్టినావక్కా? సారు వద్దన్నారు కదా!"

"ఏం పెట్టినా?"

"పసుపు! డ్రిల్లుకు!"

"నేను పెట్టలే."

"మరి ఎవరు పెట్టినారు? అంగారకుడి మీద నుంచి దిగొచ్చి పెట్టినారా?"

ఆవిడే పెట్టిందని నమ్మనివాడు ఒక్కడూ లేడు. పెడతానని పట్టుబట్టింది ఆవిడే. వర్క్‌షాప్ తాళం ఆవిడ దగ్గరే ఉంటుంది. పైగా పొద్దున్నుంచీ కోపంగా ఉంది. డ్రిల్లు మట్టిలో దిగడానికైనా కాసేపు పట్టింది కానీ, చదువుకున్న మనుషులకు చీపురు పట్టుకున్న దోషిని వెతకడానికి ఏమీ పట్టలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

సాయంత్రం డేరాలో నాగరాజ్ సారు గొంతు తగ్గించి, స్టూలు లాగి, ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. ఆయన ఒకళ్ళ ఎదుట స్టూలు మీద కూర్చోవడం కూడా అదే మొదలు.

"పిల్లమ్మా, ఎవరు పెట్టినారనేది ఇప్పుడు ముఖ్యం కాదు. రేపు ఆమె ముందర తల ఊపు చాలు. పిల్లల లైఫ్ ఇది."

"పెట్టనిదానికి తల ఎట్లా ఊపేది సార్?"

"నీకేమీ కాదు. జాబ్‌కి నా గ్యారంటీ."

స్టాన్లీ చేతులు పట్టుకున్నాడు. "అక్కా, ప్లీజ్ అక్కా. జస్ట్ యస్ అనెయ్యండి. ఆవిడ మళ్ళీ మన కాలేజీకి వస్తుందా, మీ ఇంటికి వస్తుందా? ఎవరికీ తెలీదు."

"నీకు తెలుస్తాది కదప్పా. ఈ పాపకి తెలుస్తాది." పిల్లమ్మ వాడి చేతులు విడిపించుకుంది. "చూడప్పా స్టాన్లీ. నాకు పెట్టల్లనే ఉండింది. పెట్టనీలే. ఇప్పుడు పెట్టినా అని చెప్పమంటా ఉండారు. ఎవరో పెట్టినోళ్ళకి పుణ్యమన్నా వచ్చింటాది. నాకేమొచ్చింది?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడ ముఖం చూసి ఆ నవ్వు మింగేశాను.

"కొత్తలో ఒక బోల్టు కనపడకపోతే ముందర నా సంచి దులిపేవాళ్ళు ఈ కాలేజీలో. ఒక్క దినం కూడా ఏమీ దొరకలే. అట్లా అట్లా తెచ్చుకున్న పేరు సార్ ఇది. దాన్ని తీసి మీ బండి చక్రం కింద పెట్టమంటారా, నిమ్మకాయ మాదిరి?"

"ఎంత సెల్ఫిష్ అక్కా నువ్వు!" అంది అర్పిత.

 పిల్లమ్మ లేచి, స్టూలు తుడిచి, బయటికి వెళ్ళిపోయింది. అర్పితతో "సార్" అనో "మేడమ్" అనో అనకుండా వెళ్ళిందంటే అది కోపం దాటిన చోటు. నాకు భయం వేసింది.

మర్నాడు విజయదశమి. జట్టులో ఎవరూ పిల్లమ్మతో మాట్లాడలేదు. ఆవిడ నీళ్ళ క్యాను యథాస్థానంలో పెట్టి, డేరా బయట, అందరికీ వీపు పెట్టి కూర్చుంది. మధ్యాహ్నం జడ్జి ముందుకు ఆవిడ వస్తుందా రాదా, వస్తే ఏం చెబుతుంది అన్నది ఒక్కటే అందరి తలల్లో. రాకపోతే ఆవిడను హాస్టల్ బాత్రూముల పనికి మార్చాలని నాగరాజ్ సారు ప్రిన్సిపాల్‌కు అప్పటికే ఫోన్ చేశాడు. ఆ ఫోనూ ఆవిడ వినేలాగే చేశాడు.

అన్నాల వేళకు ఆటోలో పద్మావతి గారు దిగారు. నాగరాజ్ సారు భార్య. పిల్లలు పండగపూట బయట తింటున్నారని పెద్ద క్యారియర్ల నిండా చిత్రాన్నం, ఒబ్బట్లు తెచ్చారు. ఆవిడది హిందూపురం. నోట్లో మాట నిలవదు, మనసులో కల్మషం నిలవదు.

"ఏం పిల్లలూ, మొగాలు ఇట్లుండాయి?" అంటూ కాగితం పళ్ళేల్లో వడ్డించసాగారు. "నిన్న బాగా జరగలేదంటనే? మా ఆయన రాత్రంతా పక్కమీద పొర్లాడతానే ఉండాడు."

"ఎవరో డ్రిల్లుకు పసుపు పెట్టినారు ఆంటీ. అంతా పాడైపోయింది" అంది అర్పిత, బయటి వీపు వైపు చూస్తూ.

"పసుపు పెడితే పాడు కావడమేంటమ్మా? మంచిదే కదా. మీ సారు కూడా పెట్టినాడు కదా!"

"పద్మా!" అన్నాడు సారు.

"ఏం, నేనేమన్నా లేనిది చెప్పినానా?" ఆవిడ చిత్రాన్నం గరిటె గాల్లోనే ఆపి, పిల్లల వైపు తిరిగారు. "మొన్న సాయంత్రం మీరంతా బొరుగులు తింటా ఉంటే ఫోన్ చేసినాడు. అందరి ముందరా పూజ వద్దన్నా పద్మా, ఇప్పుడు గుండె దడదడ అంటాంది అని. నేనే చెప్పినా. టిఫిన్ సంచిలో అమ్మవారి ముందర పెట్టిన పసుపు పొట్లం ఉండాది, పైన పూస్తే ఫారిన్ వాళ్ళు చూస్తారు, అడుగున ఆ మట్టి తినే మూతి ఉండాదే, దానికి పెట్టండి, ఎవురికీ కనపడదు అని. పెట్టేసినా అని మెసేజ్ కూడా చేసినాడు, రెండు చేతులు జోడించిన బొమ్మతో."

 స్టాన్లీ తన పళ్ళెంలోని పచ్చని చిత్రాన్నాన్ని, అదే నల్లపెట్టెలోంచి వచ్చినట్టు, చూస్తుండిపోయాడు. నాగరాజ్ సారు డేరా కప్పులో ఏదో లోపం కనిపెట్టినట్టు పైకి చూశాడు. నేను చిత్రాన్నంలో వేరుశెనగ గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాను. అలాంటప్పుడు చేతులకు ఏదో ఒక పని ఉండాలి.

"నేనేం తప్పు మాట్లాడినా?" అన్నారు పద్మావతి గారు, ఈసారి నెమ్మదిగా.

బయటి వీపు కదిలింది. పిల్లమ్మ లోపలికి వచ్చింది. ఇక ఆకాశం విరిగి పడుతుందని మేమంతా గట్టిగా ఊపిరి పట్టాం.

"అమ్మా, నాకూ రవ్వంత పెట్టండి. ఆకలైతా ఉండాది" అంది.

స్టూలు తెచ్చుకుని, నాగరాజ్ సారుకు ఎదురుగా వేసుకుని, నిమ్మళంగా తినడం మొదలుపెట్టింది. చిత్రాన్నం తింది. ఒబ్బట్టు తింది. నెయ్యి అడిగి వేయించుకుంది. ఆవిడ తింటున్నంతసేపూ ఎవరూ లేవలేదు. నాగరాజ్ సారు ఒకసారి లేవబోతే, ఒట్టి చూపుతోనే మళ్ళీ కూర్చోబెట్టింది. అన్నం తింటూ అంత కోపంగా ఉండవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"బన్ని సార్."

"ఎక్కడికి?"

"ఆ ఫారినమ్మ దగ్గరికి. నన్ను అన్నచోటనే చెప్పల్ల మీరు."

నాగరాజ్ సారు కెప్టెన్ వైపు తిరిగాడు. "అర్పితా, ప్రాక్టికల్‌గా ఆలోచించు. నేను టీమ్‌లో భాగం. నేను చేసినానంటే సెకండ్ రన్ పోతుంది. ఏడాది కష్టం మీది. ఆమెకు ఇందులో పోయేదేముంది చెప్పు?"

అర్పిత పళ్ళెం పక్కన పెట్టేసింది. 

"ఏముందా సార్? నిన్న మీ ముందరే నేను అక్కను సెల్ఫిష్ అన్నా. మీరు పక్కనే కూర్చోని ఉండారు. ఒక్క మాట అనలే. తెలిసీ నాతో అనిపించినారు. నాకొద్దు మీ రన్!"

"అర్పితా, కూల్..."

"లేవండి సార్!"

స్టాన్లీ ఏమంటాడా అని నేను చూశాను. ఏడాదిగా ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తిరిగినవాడు. వాడు టేబుల్ మీది పసుపంటిన డ్రిల్లు చేతిలోకి తీసుకుని, అందరికంటే ముందు నడిచాడు.

జడ్జి డేరాలో నాగరాజ్ సారు ఉపన్యాసం మొదలుపెట్టాడు. భారతీయ సంస్కృతిలో పనిముట్లకున్న స్థానం గురించి చెప్పాడు. పండగ వేళ కొన్ని ఆచారాలు జరిగిపోతూ ఉంటాయని చెప్పాడు. సమాచార లోపం వల్ల ఒక పదార్థం ఒక భాగానికి అంటడం సంభవించిందని చెప్పాడు. ఆ ఇంగ్లీషులో అన్నీ జరిగాయి కానీ ఎవరూ ఏదీ చేయలేదు. జడ్జి ఓపిగ్గా అంతా విని, ఒక్క ప్రశ్న వేసింది. పెట్టింది ఎవరు?

ఆయన గొంతు సవరించుకున్నాడు. బూట్ల వైపు చూసుకున్నాడు. ఒక చిన్న మాట అన్నాడు.

పిల్లమ్మ స్టాన్లీ చొక్కా లాగింది. "ఏమన్నాడప్పా?"

"నేనే పెట్టాను అన్నారక్కా."

"అంతసేపు మాట్లాడి అదొక్కటేనా?"

"అదొక్కటే అక్కా."

"నా పేరు సుమ్నే చెప్పినానని అన్నాడా?"

ఊరికే చెప్పానని అనలేదు. అర్పిత అనిపించింది. ఆయన చెమటలు తుడుచుకుంటూ ఆ మాట కూడా అన్నాడు. జడ్జి లేచి వచ్చి పిల్లమ్మ చేయి పట్టుకుని ఊపింది. పిల్లమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు కానీ, నవ్వనూ లేదు.

రెండో పరీక్ష రద్దయింది. మట్టి పరీక్షలో మా పిల్లలకు సున్నా. వెళ్ళేటప్పుడు జడ్జి స్టాన్లీతో, చిటికెడు పొడిని కూడా వదలకుండా పట్టుకుంది, నీ పెట్టె చాలా మంచిది అందట. వాడు బస్సులో దారిపొడవునా ఆ మాటే చెబుతూ, మధ్యమధ్య కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బస్సులో నాగరాజ్ సారు పక్క సీటు ఖాళీగా ఉన్నా ఎవరూ కూర్చోలేదు. పిల్లలు నిలబడి వచ్చారు. ఎవరికి ఎవరి మీద కోపమో లెక్క తేలని ప్రయాణం అది. పద్మావతి గారు మాత్రం కిటికీ వైపు తిరిగి, "పసుపు ఆ దీపానికి మెరుస్తాదని ముందరే చెప్పి ఉంటే నేను కుంకుమే పెట్టమందునే" అని తనలో తను అనుకున్నారు.

సెలవుల తర్వాత వర్క్‌షాప్ తెరిచారు. హాస్టల్ బదిలీ మాట ఎవరూ ఎత్తలేదు. పిల్లమ్మ ఎప్పటిలాగే నేల తుడుస్తోంది. అర్పిత, స్టాన్లీ గుమ్మం బయట చెప్పులు విడిచి, చేతిలో నిమ్మకాయల సంచితో నిలబడ్డారు. అర్పిత ఆ సంచిని ముందుకు చాపింది. 

పిల్లమ్మ తుడుపు కర్ర పక్కన పెట్టింది. చాలాసేపు వాళ్ళను అలాగే నిలబెట్టింది. తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"నేను సెల్ఫిషా?" అంది చివరికి.

"కాదక్కా."

"సెల్ఫిష్ అంటే ఏమి?"

"నేను అక్కా" అంది అర్పిత.

"రామ్మా. రాప్పా స్టాన్లీ. నేల జారతాది, నిదానం."

రోవర్‌ను మధ్యకు తోసుకొచ్చారు. పిల్లమ్మ పళ్ళెం సిద్ధం చేసి, స్టాన్లీని పిలిచింది. "యాడ పెడితే నీ దీపానికి కనపడదో నువ్వే చూపించప్పా." వాడు బండి చుట్టూ తిరిగి, వెనకవైపు ఉత్త ఇనుప రేకు చూపించాడు. ఆవిడ అక్కడ పసుపు కుంకుమలు పెట్టి, ఆరు చక్రాల కిందా ఆరు నిమ్మకాయలు ఉంచింది. అర్పిత మీట నొక్కింది. నిమ్మకాయలు చితికాయి, వర్క్‌షాప్ అంతా పులుపు వాసన.

ఆ సమయానికే నాగరాజ్ సారు గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా ఉంది. ముఖంలో రాజీ ఉంది. కాళ్ళకు బూట్లు ఉన్నాయి. తడి నేల చూసుకోలేదు.

పిల్లమ్మ తుడుపు కర్రను నేలకు ఆనించి, నిటారుగా నిలబడింది.

"బన్ని సార్" అంది.

ఇప్పటికి మళ్ళీ దసరా దగ్గర పడుతోంది. ఆయనకు ఇంకా అదే మర్యాద నడుస్తోంది. నిన్న స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఆమె నన్ను మళ్ళీ 'రాప్పా' అని ఎప్పుడు అంటుందంటావ్?" అని అడిగాడు. ఆయన నిజంగానే బాధపడుతున్నట్టు కనిపించింది. నేను బల్ల కింద ఆయన బూట్ల వైపు చూశాను. ఆయన కూడా చూసుకున్నాడు.